హౌస్‌బోటు మాట్లాడుకునే ముందు...

కేరళ టూరు అనగానే ఇంట్లో ఒక్కొక్కరికి ఒక్కో కోరిక పుడుతుంది. పిల్లలకి మున్నారు కావాలి, మగవాళ్ళకి గురువాయూరు, అత్తమ్మలకి అనంత పద్మనాభస్వామి దర్శనం. అందరూ ఒక్క మాట మీద ఉండేది ఆలెప్పీలో పడవ ఇంట్లో గడిపే ఆ ఒక్క రాత్రి విషయంలోనే. కానీ ఏ పడవ, అది ఎటు తీసుకుపోతుంది, అందులో ఎవరు ఏ గదిలో పడుకోవాలి అన్నది మాత్రం ఎవరికీ పట్టదు. "ఆడికి పోయినంక చూస్కుందాం తియ్" అని తేల్చేస్తారు. తీరా ఎక్కాక మోకాళ్ళ నొప్పుల పెద్దామెకి ఇంజను పక్క గది వస్తుంది, పసిబిడ్డ తల్లికి మెట్ల పైన గది వస్తుంది. అప్పటికి డబ్బు కట్టేసి ఉంటాం కాబట్టి సర్దుకోవడమే మిగులుతుంది. సర్దుకునేది ఎవరో మీకు వేరే చెప్పాలా?

మా బాన్సువాడకి రైలే లేదు, ఇక పడవల మాట ఎక్కడిది! కాలువకి మాత్రం లోటు లేదు. మంజీర మీద 1923లో మొదలుపెట్టి 1931లో పూర్తిచేసిన నిజాంసాగర్ నుంచి వచ్చే పెద్ద కాలువ మా వైపు పొలాలన్నిటికీ ప్రాణం. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు కట్టించిన ఆ కాలువలో మేం బట్టలు ఉతుక్కున్నాం, బతుకమ్మల్ని సాగనంపాం గానీ, ప్రయాణం చెయ్యడం ఎరగం. కోస్తా వాళ్ళ సంగతి వేరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక గోదావరి కాలువల్లో ధాన్యం పడవలూ మనుషుల పడవలూ తిరిగాయి. కాకినాడ నుంచి మద్రాసు దాకా కాలువల మీదుగా, బకింగ్‌హాం కాలువలో పడి, రాత్రుళ్ళు పడవలోనే పడుకుంటూ వెళ్ళినవాళ్ళున్నారు. రైళ్ళూ బస్సులూ వచ్చి వాటిని మింగేశాయి. ఇప్పుడు కాలువ మీద ఒక రాత్రి నిద్రపోవాలంటే మనకి గుర్తొచ్చేది కేరళే.

మా వీధిలో మూడు కుటుంబాల ఆడవాళ్ళం కలిసి నెలనెలా చీటీ వేసుకుని పోగుచేసిన డబ్బుతో పెట్టుకున్న టూరు ఇది. పెద్దవాళ్ళం ఏడుగురం, పిల్లలు నలుగురు. డబ్బు మాది కాబట్టి పడవ ఎంచే పని కూడా మాదే అని మొదటే చెప్పేశాం. ఏజెంటుకి ఫోన్ చేస్తే నాలుగు ప్రశ్నలు అడిగేలోపు మూడుసార్లు "సార్‌కి ఇవ్వండి మేడం" అన్నాడు. సార్ అడిగేది రేటు. పడవలో బాత్‌రూం తలుపుకి గడియ పడుతుందా లేదా అన్నది సార్ అడగడు కదా!

ముందు దారి, తర్వాత పడవ

ఆలెప్పీని ఇప్పుడు ఆలప్పుళ అని రాస్తున్నారు. ఆ ఊరి వెనకాల కుట్టనాడు అనే సీమ ఉంది. నీళ్ళ మధ్య గట్లు కట్టి, లోపలి నీరు తోడేసి, సముద్ర మట్టం కంటే దిగువన వరి పండిస్తారక్కడ. పడవలోంచి చూస్తే మనం ఎత్తులో ఉంటాం, పొలం కింద ఉంటుంది. కాలువ గట్టు కింద పొలాలు చూసి పెరిగిన మాకే కళ్ళు తిరిగాయంటే చూడండి. ఈ సాగు పద్ధతిని 2013లో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ వ్యవసాయ వారసత్వంగా గుర్తించింది.

ఈ పంట మొయ్యడానికి పుట్టిందే కెట్టువళ్ళం. కెట్టు అంటే మన 'కట్టు', వళ్ళం అంటే పడవ. ఆంజిలి చెక్క పలకల్ని ఇనుప మేకు ఒక్కటీ కొట్టకుండా కొబ్బరి తాళ్ళతో కుట్టి, జీడిగింజల పెంకుల నుంచి తీసిన నల్లటి రసం పూసేవారు. లారీలు వచ్చాక వీటికి పని పోయింది. 1990ల్లో వీటి మీద వెదురు, చాప కప్పు వేసి, లోపల గదులు కట్టి టూరిస్టుల్ని ఎక్కించడం మొదలైంది. ఇప్పుడు ఒక గది పడవ నుంచి పెళ్ళివారంతా పట్టే పడవ దాకా ఉన్నాయి.

పడవ పెద్దదయిన కొద్దీ అది పోగలిగే చోటు తగ్గుతుంది. ఈ సంగతి మనకి ఎవరూ చెప్పరు. ఏజెంటు పంపే ఫొటోలో సన్నటి కాలువ, రెండు వైపులా కొబ్బరిచెట్లు, గట్టు మీద గిన్నెలు తోముకునే అమ్మాయి ఉంటారు. పెద్ద హౌస్‌బోటు ఆ కాలువలోకి దూరదు. అది పున్నమడ దగ్గర బయల్దేరి వేంబనాడు సరస్సులో తిరిగి, కైనకరి వైపు వెడల్పాటి కాలువలో ఎక్కడో కట్టేస్తుంది. కాలువ అని చెప్పి చెరువు చూపించి పంపినట్టన్నమాట! సరస్సు కూడా బాగానే ఉంటుంది, కాదనను. కానీ ఊళ్ళ మధ్య నుంచి పోవాలని ఆశపడి వెళ్ళినవాళ్ళకి రెండు గంటలకే విసుగొస్తుంది.

అందుకని ఏజెంటుని రేటు అడగడానికి ముందే "ఏ ఊళ్ళ మీదుగా తీసుకెళ్తారు? రాత్రి ఎక్కడ కడతారు?" అని అడగండి. నెడుముడి, చంపక్కుళం వైపు వెళ్ళేవి కొంచెం ఊళ్ళలోంచి పోతాయి. చంపక్కుళంలో పాత చర్చి ఉంది. ఇంకాస్త అవతల కరుమాడిలో సగం విరిగిన నల్లరాతి బుద్ధుడున్నాడు. సన్నకాలువలు చూడాలంటే మాత్రం చిన్న తెడ్డు పడవో, షికారా పడవో విడిగా మాట్లాడుకోవాల్సిందే. సాయంత్రం హౌస్‌బోటు కట్టేశాక గంటసేపు అందులో తిప్పుతారు. ఆ గంట టూరులో కలిసి ఉందా, విడిగా డబ్బు కట్టాలా అన్నది ముందే మాట్లాడుకుంటే తర్వాత గొడవ ఉండదు. మా పిల్లలకి ఇప్పటికీ గుర్తున్నది ఆ గంటే.

హౌస్‌బోటు ఖర్చు భరించలేమనుకునేవాళ్ళు దిగులు పడక్కర్లేదు. కేరళ ప్రభుత్వ జలరవాణా శాఖ పడవలు ఆలెప్పీ నుంచి కొట్టాయం దాకా ఇవే నీళ్ళ మీద నడుస్తాయి. మన ఆర్టీసీ బస్సు లాంటివి. రెండున్నర గంటల ప్రయాణం, టికెట్టు నామమాత్రం. బడికి పోయే పిల్లలు, చేపలబుట్టల ఆడవాళ్ళు పక్కన కూర్చుంటారు. రాత్రి నిద్ర ఒక్కటే ఉండదు.

పడవ సైజు చూసి మోసపోవడం మన దగ్గరే కాదు. డల్లాస్‌లో ఉండే మా పిన్ని కూతురు వాళ్ళ అత్తమామల్ని పనామా కాలువ ఓడ ఎక్కించాలని నెలల తరబడి లెక్కలు వేసింది. 1914లో తెరిచిన ఆ కాలువ 80 కిలోమీటర్ల పైచిలుకు. సముద్రం నుంచి ఓడని మెట్లు మెట్లుగా నీటి గదుల్లోకి ఎక్కించి, 26 మీటర్ల ఎత్తున ఉన్న సరస్సులోకి చేర్చి, అవతల మళ్ళీ దింపుతారు. పాత గదుల వెడల్పు 110 అడుగులే. అంతకంటే పెద్ద ఓడలు 2016లో కట్టిన కొత్త గదుల్లోంచే పోవాలి. చిత్రమేమిటంటే, 'పనామా కాలువ యాత్ర' అని అమ్మే వాటిల్లో కొన్ని కాలువ మొత్తం దాటవు. గాటూన్ సరస్సు దాకా ఎక్కి, వచ్చిన దారినే దిగిపోతాయి! మొత్తం దాటే ఓడకి ఆ పని మీదే ఎనిమిది, పది గంటలు పడుతుంది. మా చెల్లి అదే అడిగి అడిగి తేల్చుకుంది. గది సంగతిలో కూడా గట్టి నిర్ణయమే చేసింది. ఓడ మధ్యలో, కింది అంతస్తులో తీసుకుంది. అక్కడ ఊపు తక్కువ, పెద్దవాళ్ళకి తల తిరగదు. లిఫ్టుకి మరీ ఆనుకుని లేకుండా, అలాగని మరీ దూరం కాకుండా చూసుకుంది. బాల్కనీ గదికి ఎక్కువ డబ్బు పొయ్యలేదు. బాల్కనీలోంచి ఒక పక్కే కనిపిస్తుంది, కాలువ దాటే రోజు అందరూ పై డెక్కు మీదే ఉంటారు కదా అని దాని లెక్క. ఏడు సముద్రాల అవతల ఓడకైనా, కుట్టనాడు పడవకైనా ఆడవాళ్ళ లెక్క ఇంచుమించు ఒకటే.

ఎవరికే గది?

"మరుగుదొడ్డి ఎట్లుంటదే?" టూరు అనుకున్న మొదటి రోజు మా అత్తమ్మ అడిగిన ప్రశ్న ఇదొక్కటే. మేం నవ్వాం గానీ, ఆలోచించి చూస్తే పడవకి సంబంధించిన సగం విషయాలు అందులోనే ఉన్నాయి.

హౌస్‌బోటులో గదులు వరసగా ఉంటాయి. ముందు భాగంలో కుర్చీలు, భోజనాల బల్ల వేసిన హాలు. అక్కడే పడవ నడిపేవాడు కూర్చుంటాడు. వెనక వంటగది. ఇంజను, జనరేటరు కూడా చాలా పడవల్లో వెనకే. దానర్థం ఏమిటంటే, చిట్టచివరి గదిలో పడుకున్నవాళ్ళకి వేడి, డీజిల్ వాసన, పోపు ఘాటు, పొద్దున్నే గిన్నెల చప్పుడు. మొదటి గదిలో వాళ్ళకి అర్ధరాత్రి దాకా హాల్లో పిల్లల కేకలు, పేకాట కబుర్లు. మధ్య గది పెద్దవాళ్ళకి ఇవ్వండి. వెనక గది కుర్రవాళ్ళకి. పడుకుంటే లేవని వయసు వాళ్ళది, ఏ జనరేటరు వాళ్ళనేం చేస్తుంది!

మేడ ఉన్న పడవలు ఫొటోల్లో రాజభవనాల్లా ఉంటాయి. మా ఆయన మనసు దాని మీదే పడింది. పైన అద్దాల హాలు, సోఫాలు. మెట్లు ఎలా ఉన్నాయో చూపించమని వాట్సాప్‌లో వీడియో కాల్ చేయించాం. నిచ్చెనలా నిటారుగా ఉన్నాయి. పట్టుకోవడానికి ఒక పక్కే కడ్డీ. అత్తమ్మ అది చూసి "నేను కిందనే కూసుంట, మీరు పొండి పైకి" అంది. ఆవిడ ఒక్కతే కింద కూర్చుంటే ఆ ప్రయాణం ఎందుకు? ఒక్క అంతస్తు పడవే ఖాయం చేశాం. అన్నట్టు, ఫొటో నమ్మకండి, వీడియో కాల్ చేయించండి. పడవ పేరు కనిపించేలా మొదలుపెట్టి, గదులన్నీ తిరిగి చూపించమనండి. రేవు దగ్గరికి వెళ్ళాక వేరే పడవ చూపిస్తే మాట్లాడ్డానికి మీ దగ్గర ఆధారం ఉంటుంది.

బాత్‌రూం దగ్గర గడప ఎత్తు చూడండి. నీళ్ళు గదిలోకి రాకుండా ఎత్తుగా కడతారు. రాత్రి నిద్రమత్తులో పెద్దవాళ్ళు తట్టుకునేది అక్కడే. దాదాపు అన్నిటిలో వెస్టర్న్ కమోడ్లే ఉంటాయి కాబట్టి మోకాళ్ళ వాళ్ళకి బాధ లేదు. ఆ నీరు ఎటు పోతుంది అని కూడా అడగండి. సిగ్గు పడాల్సిందేం లేదు. తొట్టె ఉందా, నేరుగా కాలువలోకా? అదే కాలువ గట్టున జనం స్నానాలు చేస్తారు, గిన్నెలు కడుక్కుంటారు.

ఏసీ విషయంలో చాలామంది గొడవ పడేది సమయం దగ్గర. మామూలు పడవల్లో రాత్రి తొమ్మిది నుంచి పొద్దున్న ఆరు వరకే ఏసీ వేస్తారు. పగలంతా కావాలంటే దానికి వేరే రకం, వేరే రేటు. డిసెంబరు, జనవరి నెలల్లో గాలి చల్లగానే ఉంటుంది, పగలు అక్కర్లేదని నా అభిప్రాయం. క్రిస్మస్ నుంచి కొత్త సంవత్సరం దాకా మాత్రం రేట్లు ఆకాశంలో ఉంటాయి, ఆ వారం వదిలెయ్యండి. సంక్రాంతి సెలవులు మనకి అన్నివిధాలా అనువు. సికింద్రాబాద్ నుంచి త్రివేండ్రం పోయే శబరి ఎక్స్‌ప్రెస్‌కి అయ్యప్ప స్వాముల రద్దీ ఉంటుంది కాబట్టి టికెట్లు మాత్రం ముందే చేయించుకోవాలి. అది కొట్టాయం మీదుగా వెళ్తుంది. కొట్టాయంలో దిగితే కుమరకోం దగ్గర. అక్కడా హౌస్‌బోట్లు దొరుకుతాయి.

నవ్వితే నవ్వనీ

మా పక్కింటి వదిన చీటీలో అందరికంటే ముందు డబ్బు కట్టింది. పడవ అనేసరికి మాత్రం "నేను రాను" అని కూర్చుంది. కారణం మాకు తెలుసు. 2019 సెప్టెంబరు 15న పాపికొండలకి వెళ్తూ గోదావరిలో కచ్చులూరు దగ్గర మునిగిపోయిన పడవ. నలభై మందికి పైగా పోయారు. వాళ్ళలో మన తెలంగాణ నుంచి సరదాగా వెళ్ళినవాళ్ళు ఎంతమందో. గోదావరి వరద మీద ఉంది. భోజనాల వేళ ఉక్కకి లైఫ్ జాకెట్లు తీసి పక్కన పెట్టామని బయటపడ్డవాళ్ళు టీవీల్లో ఏడుస్తూ చెబుతుంటే విన్నాం. పక్క ఊళ్ళ గిరిజనులు తమ పడవలేసుకుని రాకపోతే ఆ కొందరు కూడా దక్కేవాళ్ళు కాదు. వారం రోజులు ఆ టీవీ ముందు కూర్చున్న మనిషిని "ఏం కాదులే వదినా" అంటే సరిపోతుందా?

కేరళలో జరగలేదా అంటే అక్కడా జరిగాయి. 2009 సెప్టెంబరు 30న తేక్కడి సరస్సులో రెండంతస్తుల పడవ బోల్తాపడి 45 మంది చనిపోయారు. జంతువులు కనిపించాయని జనమంతా ఒక పక్కకి జరిగేసరికి అది ఒరిగిపోయింది. 2023 మే 7న మలప్పురం జిల్లా తానూరులో 22 మంది పోయారు. ఎక్కువమంది పిల్లలే. చేపల పడవని మార్చి టూరిస్టు పడవగా తిప్పారు. పట్టేదానికంటే ఎక్కువమందిని ఎక్కించి, పొద్దుగూకాక నడిపారు. మనం భయపడి ఇంట్లో కూర్చోవాలని ఇవన్నీ చెప్పడం లేదు. ఎక్కే ముందు ఏం చూడాలో ఈ మూడు ప్రమాదాలే చెబుతున్నాయి.

రిజిస్ట్రేషన్ నంబరు పడవ ఒంటి మీద రాసి ఉండాలి. 2021లో వచ్చిన కొత్త జలరవాణా చట్టం ప్రకారం ఇంజను పడవలకి రిజిస్ట్రేషనూ, తనిఖీ చేసి ఇచ్చే సర్టిఫికెట్టూ ఉండాలి. ఎంతమంది ఎక్కొచ్చో అందులో ఉంటుంది. "మీ పడవకి ఎంతమంది లెక్క?" అని అడిగితే తడుముకోకుండా చెప్పాలి. చంటిపిల్లల్ని కూడా కలిపి మన లెక్క చెప్పాలి. రేవులో బంధువులు కలిశారని ఇంకో నలుగురిని ఎక్కించుకోవద్దు. మేడ ఉన్న పడవ తీసుకుంటే, ఏదో కనిపించిందని అందరూ ఒక పక్కకి పరుగెత్తకండి. పిల్లలకి ముందే చెప్పి ఉంచండి.

చీకటి పడ్డాక పడవ కదలకూడదు. సాయంత్రం అయిదున్నర, ఆరుకల్లా గట్టున కట్టేస్తారు. రాత్రి ఆ నీళ్ళలో జాలర్లు వలలు వేసుకుంటారు కూడా. "ఇంకో రౌండు తిప్పు, డబ్బులిస్తాం" అని బతిమాలే మగవాళ్ళు ప్రతి గుంపులో ఒకరుంటారు. ఆయన్ని ఆపే బాధ్యత ఆయన ఇంటావిడదే!

వంటగదిలో గ్యాసు సిలిండరు ఉంటుంది కాబట్టి నిప్పు ఆర్పే ఎర్ర డబ్బా ఎక్కడుందో ఎక్కగానే చూసుకోండి. హాలు చుట్టూ కడ్డీల మధ్య సందు ఎంతుందో, నడిచే పిల్లాడు దూరేంత ఉందా చూడండి. ఇక లైఫ్ జాకెట్లు. లెక్కపెట్టండి. మంచాల కింద ఉన్నాయంటే తీసి చూడండి. పెద్దవాళ్ళ జాకెట్టు నాలుగేళ్ళ పిల్లకి వేస్తే నీళ్ళలో తలలోంచి ఊడిపోతుంది. పిల్లల సైజువి విడిగా ఉండాలి.

మా వదిన పెట్టిన షరతు అదే. పదకొండు జాకెట్లు, అందులో నాలుగు చిన్నవి, తన కళ్ళతో చూస్తేనే ఎక్కుతానంది. రేవులో లెక్కపెడితే చిన్నవి రెండే ఉన్నాయి. "రెండు చాలు చేచ్చీ, ఏం కాదు" అని పడవ అబ్బాయి నవ్వాడు. చేచ్చీ అంటే అక్క. మా మగవాళ్ళు కూడా గడియారం చూసుకున్నారు. ఎక్కే టైము మధ్యాహ్నం పన్నెండు. ఆలస్యమైన ప్రతి నిమిషం మనదే పోతుంది. వదిన గట్టు మీద సూట్‌కేసు మీద కూర్చుని "ఇంకో రెండు తెస్తెనే" అంది తెలుగులోనే. ఆ అబ్బాయికి భాష రాకపోయినా అర్థమైంది. పక్క పడవలోంచి తేవడానికి పట్టింది పావుగంట! ఆవిడ పడవ కట్టేసేదాకా జాకెట్టు విప్పలేదు. మధ్యాహ్నం భోజనం కూడా దాంతోనే చేసింది. మా అత్తమ్మ ఆవిడ్ని చూసి, తనకీ ఒకటి కట్టమని పైట సర్దుకుంది.

భోజనం సంగతి రెండు మాటల్లో చెప్తాను. వంట వాళ్ళే చేస్తారు. బియ్యం ఎర్రగా, లావుగా ఉంటుంది, కొబ్బరినూనె వాసన మన ముక్కుకి కొత్త. తెల్లన్నం కావాలని, వేరే నూనె వాడమని, శాకాహారులు ఎందరని ముందురోజే చెప్పాలి. కరిమీన్ అనే చేప వేపుడు మాత్రం తినేవాళ్ళు వదలకండి. దారిలో రొయ్యలు కొంటారా అని ఒక కొట్టు దగ్గర ఆపుతారు. బేరం ఆడండి, లేదా మానెయ్యండి. మేం తీసుకెళ్ళిన మామిడి తొక్కు, సకినాలు పడవ వాళ్ళకి తెగ నచ్చాయి. సీసా ఖాళీ అయింది. దోమలకి సాయంత్రం ఆరుకే తలుపులు వేసెయ్యండి, పూసుకునే మందు దగ్గరుంచుకోండి.

పొద్దున తొమ్మిదికి దింపేస్తారు. అంతకుముందు గంట మళ్ళీ నీళ్ళ మీద తిప్పుతారు కాబట్టి సామాన్లు రాత్రే సర్దేసుకుని, ఆరింటికల్లా స్నానాలు ముగించండి. ఆ వేళకి పొగమంచులో బాతుల మందని పడవతో తోలుకుపోయేవాళ్ళు కనిపిస్తారు. బాత్‌రూం ముందు వరసలో నిలబడితే అది కనపడదు.